ఫిల్టరు బిగించే చేతికి పరీక్ష ఏది?

*గొల్లపల్లి పిలగాడు సౌదీకి ప్లంబరుగా పోవాలంటే పరీక్ష పాసు కావాలి. ఊరంతా తాగే నీళ్ల ప్లాంటును సొంతూళ్లో బిగించాలంటే మాత్రం నాలుగు పానాలు, ఒక టీడీఎస్ మీటరు ఉంటే సరిపోతుంది.*

జగిత్యాల జిల్లాలో గల్ఫ్ ముచ్చట లేని వాడకట్టు దొరకదు. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల దిక్కు ఎట్లనో గొల్లపల్లి మండలంలోనూ అంతే. దుబాయిలోనో మస్కట్‌లోనో రియాద్‌లోనో ఎవరో ఒకరు లేని చుట్టరికం ఉండదు. వాళ్లలో ప్లంబర్లుగా, ఎలక్ట్రీషియన్లుగా సౌదీకి పోదామనుకునేవాళ్లకు కొన్నేళ్లుగా ఒక కొత్త గడప అడ్డొచ్చింది. సౌదీ అరేబియా 2021లో నైపుణ్య పరీక్షల పథకం మొదలుపెట్టి, ఆ తర్వాత దాన్ని మన దేశంలోనూ అమలు చేస్తోంది. కంప్యూటర్ ముందు కూర్చుని కొన్ని ప్రశ్నలకు జవాబులు చెప్పాలి, పనిముట్లు పట్టి పని చేసి చూపాలి. పాసైతేనే ఆ పని మీద వీసా.

ఆ పిలగాడే విమానం ఎక్కకుండా ఇక్కడే ఆగి, జగిత్యాల దుకాణంలో సామాను కొని, ఊరి నడుమ గంటకు వెయ్యి లీటర్ల ఆర్‌ఓ ప్లాంటు బిగించాడనుకుందాం. నీకేం వచ్చని అడిగే దఫ్తరు ఒక్కటీ లేదు. పరదేశంలో ఎవరి బాత్రూంలోనో నల్లా తిప్పడానికి కావాల్సిన అర్హత, సొంతూరి బాలింతలు, కిడ్నీ రోగులు, అంగన్‌వాడీ పిల్లలు తాగే నీళ్లకు అక్కర్లేకపోయింది.

ఇది ఆ పిలగాడి తప్పు కాదు. ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం డాబా మీదికెక్కి పైపులు అతికే ఈ మెకానిక్‌లే లేకపోతే ఊళ్లల్లో సగం మిషన్లు మూలన పడేవి. అతను నేర్చుకున్నది ఇంకో మెకానిక్ దగ్గర, ఆ మెకానిక్ నేర్చుకున్నది కంపెనీ మనిషి చేస్తుంటే పక్కన నిలబడి. చేతిపనిలో ఈ గురుశిష్య వరస చెడ్డదేమీ కాదు. కాకపోతే చేతికి అందే పని మాత్రమే దాంతో వస్తుంది. నీళ్లలో కంటికి కనబడనిది ఏముందో చెప్పే చదువు అందులో దొరకదు.

డబ్బాల వెనక కథ

ఊరి ప్లాంటు లోపలికి పోతే మొదట కనబడేవి రెండు నిలువెత్తు ఫైబర్ సిలిండర్లు. ఒకదాంట్లో ఇసుక, గులకరాళ్లు. బోరు నీళ్లతో వచ్చే మన్నును అది పడుతుంది. రెండోదాంట్లో బొగ్గు, వాసనను, రంగును, క్లోరిన్‌ను అది తీసేస్తుంది. వాటి పక్కన చిన్న డోసింగ్ పంపు చుక్క చుక్కగా, సున్నం కట్టకుండా ఆపే యాంటీస్కేలెంట్ మందు కలుపుతుంటుంది. తర్వాత 5 మైక్రాన్ల జంబో ఫిల్టరు, హైప్రెషర్ పంపు, అప్పుడు ఉప్పును ఆపే సన్నని పొరల మెంబ్రేన్లు. నాలుగు అంగుళాల మందం, నలభై అంగుళాల పొడవున్న మెంబ్రేన్‌ను మెకానిక్‌లు ‘నాలుగు నలభై’ లెక్కన గుర్తుపడతారు. అలాంటివి నాలుగు పెడితే గంటకు సుమారు వెయ్యి లీటర్లు వస్తాయి. చివర స్టీలు ట్యాంకి, యూవీ దీపం, కొన్నిచోట్ల ఓజోన్.

1959 ప్రాంతంలో అమెరికాలో, లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో సిడ్నీ లోబ్‌తో కలిసి పనికొచ్చే మొదటి మెంబ్రేన్‌ను తయారు చేసింది మన దేశం నుంచి పోయిన శాస్త్రవేత్త శ్రీనివాస సౌరిరాజన్. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగా అనే చిన్న ఊరు ఆ పద్ధతిలో ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసుకుంది. మన పల్లెల్లో ఇప్పుడు నడుస్తున్నది దాని మనవడి తరం. ఇప్పటి మెంబ్రేన్లు పాలీఅమైడ్‌వి. ఉప్పును బాగా ఆపుతాయి గానీ క్లోరిన్‌కు తట్టుకోలేవు.

ఆ ఒక్క గుణం చుట్టూ ఎన్ని తిప్పలున్నాయో చూడండి. బ్లీచింగ్ కలిపిన ట్యాంకి నీళ్లనో నల్లా నీళ్లనో ప్లాంటుకు కలిపితే, బొగ్గు సిలిండర్ ఆ క్లోరిన్‌ను పూర్తిగా తీసేయాలి. బొగ్గు మార్చక ఏళ్లు గడిస్తే క్లోరిన్ మెంబ్రేన్‌ను తినేస్తుంది. బొగ్గు బాగుంటే మెంబ్రేన్ బాగుంటుంది, కానీ అక్కడి నుంచి చివరి నల్లా దాకా నీళ్లలో క్రిములను ఆపే మందు ఏదీ మిగలదు. క్యానులో పోసిన తర్వాత అసలే మిగలదు. కడగని స్టీలు ట్యాంకి, పాచి పట్టిన క్యాను, మూత లేని బిందె, వీటిలో ఏది తగిలినా అంత ఖర్చు పెట్టి శుద్ధి చేసిన నీళ్లు మళ్లీ మొదటికొస్తాయి. యూవీ దీపం వెలుగుతున్నట్టే ఉంటుంది. దాని ఆయువు ఎనిమిది, తొమ్మిది వేల గంటలు. గాజు తొడుగు మీద సున్నం పేరుకుంటే ఆ లోపే దాని బలం పోతుంది. నీలం వెలుతురు చూసి అంతా బాగుందనుకునేవాళ్లే ఎక్కువ.

మిషన్ భగీరథను 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో ప్రధాని ప్రారంభించారు. పల్లెలో తలకు రోజుకు 100 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లివ్వాలన్నది లెక్క. గోదావరి నీళ్లు నల్లాలోకి వచ్చాక క్యాన్ల గిరాకీ తగ్గాలి. తగ్గలేదు. అడిగితే చాలామంది చెప్పేది ఒకటే కారణం: నల్లా నీళ్లకు మందు వాసనొస్తుంది. ఆ వాసన కావాలనే ఉంచినది. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం, క్లోరిన్ కలిపే నీళ్లు ఇంటికి చేరాక కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. ఈ ముక్క ఇంటావిడకు ఎవరు చెప్పాలి? ఆమె గుమ్మంలోకి వచ్చేది ఇంజినీరు కాదు, ఫిల్టరు అమ్మే మనిషి. అతను చెప్పేది వేరే ఉంటుంది.

ఎర్రబారిన గ్లాసు

ఆ అమ్మకం తీరు చూడని వాడకట్టు ఉండదేమో. రెండు గాజు గ్లాసులు, ఒకదాంట్లో నల్లా నీళ్లు, ఇంకోదాంట్లో అతను తెచ్చిన ఆర్‌ఓ నీళ్లు. ప్లగ్గుకు తగిలించిన చిన్న డబ్బాకు నాలుగు కడ్డీలు వేలాడుతుంటాయి.

“వదినా, మీ నల్లా నీళ్లల్ల ఎంత మురికున్నదో ఇప్పుడే చూపిస్త, జర సూడున్రి.”

స్విచ్చేస్తాడు. కాసేపట్లోనే నల్లా నీళ్లు ఎర్రబారి, తెట్టు కట్టి, అడుగున బురద దిగుతుంది. పక్క గ్లాసు తేటగానే ఉంటుంది.

“గిట్లయిందేంది తమ్మీ? పొద్దుగాలనే పట్టిన గద!”

“గదే వదినా! ఇన్నొద్దుల సంది మీరు తాగుతున్నది గిదే.”

ఆ ఎరుపు నీళ్లలోంచి రాలేదు, కడ్డీలోంచి వచ్చింది. కడ్డీల్లో కొన్ని ఇనుమువి, కొన్ని అల్యూమినియంవి. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది. కరెంటు పారితే ఇనుము కరిగి తుప్పుగా తేలుతుంది. ఆర్‌ఓ నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి కరెంటు పారదు, కడ్డీ కరగదు, గ్లాసు తేటగా ఉంటుంది. నమ్మకం కుదరకపోతే అతని తేట గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ స్విచ్చేయమనండి. అదీ ఎర్రబారుతుంది. గోదావరి నీళ్లను మురికి అని చెప్పి వేల రూపాయల మిషను అంటగట్టడానికి ఇన్నేళ్లుగా పనికొస్తున్నది ఈ తుప్పే. నన్నడిగితే ఫిల్టరు బిగించేవాళ్లకు లైసెన్సు పరీక్ష ఉండాలి, అందులో మొదటి ప్రశ్న ఇదే పెట్టాలి: ఆ గ్లాసు ఎందుకు ఎర్రబారింది? జవాబు తెలియనివాడికి పని రాదు. తెలిసీ ఆ ఆట ఆడేవాడికి లైసెన్సు కార్డు ఇవ్వకూడదు.

కలంలాంటి టీడీఎస్ మీటరు సంగతీ ఇలాంటిదే. అది నిజానికి కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందన్నది. దాన్నే లవణాల లెక్కగా మార్చి అంకె చూపిస్తుంది. ఆ లవణం సున్నమా, ఉప్పా, ఫ్లోరైడా, పొలాల ఎరువుల్లోంచి దిగిన నైట్రేటా, దానికి తెలియదు. క్రిముల ఊసే దానికి పట్టదు. మురికి కాల్వ పక్కన పగిలిన పైపు నీళ్లలో మీటరు 250 చూపించవచ్చు. నిక్షేపంలాంటి బావి నీళ్లలో 700 చూపించవచ్చు. ఐఎస్ 10500 టీడీఎస్‌కు కోరదగ్గ హద్దుగా లీటరుకు 500 మిల్లీగ్రాములు పెట్టి, వేరే నీటి వనరు లేనిచోట 2000 దాకా సర్దుకోవచ్చంది. ఫ్లోరైడ్ దగ్గర మాత్రం అంత సందు ఇవ్వలేదు. కోరదగ్గది 1, గతి లేకపోతే 1.5 మిల్లీగ్రాములు.

ఒక మర తిప్పుడు

ఇంటి ఆర్‌ఓ మిషన్లలో చాలావాటికి టీడీఎస్ కంట్రోలర్ అనే చిన్న వాల్వు ఉంటుంది. మెంబ్రేన్ దాటి వచ్చిన నీళ్లు మరీ చప్పగా ఉంటాయని, మెంబ్రేన్‌లోకి పోని నీళ్లను కొంత అందులో కలపడానికి పెట్టిన మర అది. ఎంత కలపాలో నిర్ణయించేది బిగించే మనిషి. స్క్రూడ్రైవర్‌తో అటో ఇటో తిప్పి, మీటరు చూసి, ఇల్లాలితో ఒక గుక్క తాగించి, “ఇగ బాగున్నయా?” అని అడిగి వెళ్లిపోతాడు.

కరీంనగర్ ప్రాంతమంతా రాతి నేల. ఇక్కడి గ్రానైటు దూరదేశాలకు ఎగుమతి అవుతుంది. అలాంటి రాళ్ల సందుల్లో నిలిచే లోతైన బోరు నీళ్లలోకి ఫ్లోరైడ్ దిగే అవకాశం ఉంటుంది. ఒక బోరులో టీడీఎస్ 1200, ఫ్లోరైడ్ 3 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. మెంబ్రేన్ దాటాక టీడీఎస్ 80కి, ఫ్లోరైడ్ 0.2కి దిగాయనుకుందాం. వాల్వులో మూడు పాళ్లు పచ్చి నీళ్లు, ఏడు పాళ్లు శుద్ధి నీళ్లు కలిస్తే టీడీఎస్ 416, ఫ్లోరైడ్ 1.04 అవుతాయి. ఫరవాలేదు. రుచి ఇంకా రావాలని సగానికి సగం కలిపితే టీడీఎస్ 640కి, ఫ్లోరైడ్ 1.6కి చేరతాయి. మీటరు మీద 640 చూసి ఎవరూ ఉలిక్కిపడరు. ఫ్లోరైడ్ మాత్రం హద్దు దాటేసింది. ఇంట్లో చిగుళ్ల లోపల కొత్త పళ్లు ఇంకా తయారవుతున్న చిన్నపిల్లలుంటే ఆ తేడా కొన్నేళ్లకు వాళ్ల పళ్ల మీద మచ్చలై కనబడుతుంది. మర తిప్పినవాడికి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే ఆ బోరులో ఫ్లోరైడ్ ఎంతుందో అతను అడగనే లేదు.

ఫ్లోరైడ్ మన తెలుగు నేలకు కొత్త గండం కాదు. నీళ్ల వల్ల ఎముకలు వంగిపోతున్నాయని మన దేశంలో మొదట వైద్యులు రాసింది 1937లో, అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా రోగులను చూసి. ఆ తర్వాత అదే జబ్బుతో నల్లగొండ జిల్లా పడ్డ బాధ అందరికీ తెలిసిందే. పటికతో, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించేందుకు నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టారు. మర్రిగూడ మండలం శివన్నగూడెం నుంచి ఆ రోగుల గొంతుగా నిలిచిన అంశల స్వామి 2023 జనవరిలో కన్నుమూశారు. తెలంగాణ పల్లెల్లో ఆర్‌ఓ అనే మాటకు అంత నమ్మకం రావడానికి వెనక ఈ భయం ఉంది. భయం ఉన్నచోట మిషను అమ్మడం తేలికే. కష్టమల్లా ఏ బోరుకు ఏ మిషను కావాలో, అసలు కావాలో వద్దో తేల్చడంలో ఉంది.

పారబోసే నీళ్ల లెక్క కూడా మిషను బిగించే మనిషి చేతిలోనే ఉంది. ఇంటి ఆర్‌ఓలకు 2015లో వచ్చిన ఐఎస్ 16240 ప్రమాణం, లోపలికి పోయిన నీళ్లలో కనీసం 20 శాతం తాగే నీళ్లుగా బయటికి వస్తే చాలంది. మిగతా ఎనభై పాళ్లు మోరీకే. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మేలో దీని మీద గట్టిగా మాట్లాడింది. టీడీఎస్ 500 లోపున్న నీళ్లకు ఆర్‌ఓ వద్దని, మిగతాచోట్ల కనీసం 60 శాతం నీళ్లు దక్కేలా చూడాలని చెప్పింది. మెంబ్రేన్ వెనక పెట్టే చిన్న ఫ్లో రెస్ట్రిక్టర్ ఎంపిక తప్పితే నీళ్లు దండిగా వృథా అవుతాయి, లేదా మెంబ్రేన్ ఆరునెలలకే సున్నం కట్టుకుపోతుంది. ఊరి ప్లాంట్ల దగ్గర ఇంకో తమాషా కూడా చూస్తుంటాం. మెంబ్రేన్ వద్దని బయటికి పంపిన నీళ్లు, అంటే ఫ్లోరైడ్, ఉప్పు చిక్కబడ్డ నీళ్లు, ప్లాంటు వెనక గుంటలో ఇంకి మెల్లగా ఆ చుట్టుపక్కల బోర్లలోకే దిగుతుంటాయి.

చట్టం చూపు ఎందాక

మన దగ్గర చట్టాలు లేవని ఎవరూ అనలేరు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం బోరు వేసే రిగ్గు బండిని రిజిస్టర్ చేయించాలి, బోరుకు అనుమతి తీసుకోవాలి. ఇంటికి కరెంటు వైరింగ్ చేసేవాడికి ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చిన పర్మిట్టో లైసెన్సో ఉండాలి. పట్టణాల్లో నల్లా కనెక్షన్ పనికి లైసెన్సు ఉన్న ప్లంబర్లుంటారు. సీలు వేసి అమ్మే నీళ్ల సీసాకు 2001 నుంచి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరిగా ఉండేది. 2024 అక్టోబరులో ఆ నియమం తీసేసి, ఆ వెంటనే ఆహార భద్రతా సంస్థ ఆ సీసాలను ఎక్కువ ముప్పున్న ఆహారాల జాబితాలో చేర్చింది. ఇళ్లలో పెట్టే మిషన్ల కోసం కేంద్ర పర్యావరణ శాఖ 2023 నవంబరులో నీటి శుద్ధి యంత్రాల వాడకం నిబంధనలు తెచ్చి, వాటి అమలుకు ఏడాది గడువిచ్చింది. యంత్రం భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణానికి నిలబడాలని, వాడి పారేసిన క్యాండిళ్లు, మెంబ్రేన్లు ఎక్కడపడితే అక్కడ వేయరాదని అందులో ఉంది.

వీటన్నిటి చూపు ఒకచోట ఆగిపోతుంది. భూమిలోంచి నీళ్లు తోడేవాడు చట్టానికి కనబడుతున్నాడు. మోటారుకు వైరు లాగేవాడు, సీసా మీది ముద్ర, మిషను పెట్టె, అన్నీ కనబడుతున్నాయి. ఆ బోరు నీళ్లకూ ఈ మిషనుకూ జత కుదిర్చేవాడు మాత్రం కనబడడు. సీలు లేకుండా చల్లటి క్యాన్లలో అమ్మే ఊరి ప్లాంటు సంగతి ఇంకా గజిబిజి. అది సీసా కాదు కాబట్టి సీసా నియమం అంటదు, ఇంటి మిషను కాదు కాబట్టి ఇంటి మిషను నియమం అంటదు. పంచాయతీ వ్యాపార అనుమతి, కరెంటు మీటరు కనెక్షన్ ఉంటే షట్టరు లేచిపోతుంది.

ఎలక్ట్రీషియన్‌కు లైసెన్సు ఎందుకు పెట్టారో ఎవరూ అడగరు. తప్పు చేస్తే మనిషి అక్కడే పోతాడు, తప్పు ఎవరిదో ఆ రోజే తేలుతుంది. నీళ్ల తప్పు అలా తేలదు. పదేళ్లకు మోకాళ్లు పట్టేస్తే, ఎప్పుడో వాల్వు తిప్పిన మెకానిక్ మీద కేసు పెట్టేవాళ్లెవరు? చట్టం ఇటు చూడకపోవడానికి ఇంతకు మించి పెద్ద కారణం నాకు కనబడదు.

డాలస్‌లో మనవాళ్లు, మూడు తరగతుల లైసెన్సు

చట్టం ఇటు చూసే చోట్లూ ఉన్నాయి. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్ లాంటి ఊళ్లలో ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్లకు నీళ్ల గట్టిదనం తగ్గించే సాఫ్ట్‌నర్ అనేది ఇంటి సామానులో ఒకటి. అక్కడి నీళ్లు గట్టివి, గిన్నెల మీద తెల్లమచ్చలు వేస్తాయి. టెక్సస్‌లో ఆ సాఫ్ట్‌నర్‌ను డబ్బు తీసుకుని బిగించాలంటే ఆ రాష్ట్ర పర్యావరణ కమిషన్ ఇచ్చే వాటర్ ట్రీట్‌మెంట్ స్పెషలిస్ట్ లైసెన్సు కావాలి, లేదా ప్లంబరు లైసెన్సు ఉండాలి. ఆ స్పెషలిస్టుల్లో మళ్లీ మూడు తరగతులు. శిక్షణ తీసుకుని, పరీక్ష రాసి మెట్టు మెట్టుగా ఎక్కాలి. మిన్నెసోటాలో ఇదే పనికి మాస్టర్, జర్నీవర్కర్ అని రెండు రకాల లైసెన్సులున్నాయి.

కాలిఫోర్నియా ఇంకాస్త కటువు. అక్కడ కాంట్రాక్టర్ల లైసెన్సు బోర్డు దగ్గర సి-55 అని ప్రత్యేకంగా నీటి శుద్ధి యంత్రాలు బిగించేవాళ్ల కోసమే ఒక వర్గం ఉంది. దానికి కనీసం నాలుగేళ్ల అనుభవం చూపాలి, పని మీద ఒక పరీక్ష, చట్టం, వ్యాపారం మీద ఇంకో పరీక్ష రాయాలి, 25,000 డాలర్ల బాండు కట్టాలి. పని చెడగొడితే నష్టపోయిన ఇంటివాళ్లు ఆ బాండు మీద దావా చేసుకోవచ్చు. నీటి యంత్రాలు అమ్మడానికి జనాన్ని అబద్ధాలతో భయపెట్టకూడదని అక్కడి చట్టంలో వేరేగా నిబంధనలున్నాయి. మన ఎర్ర గ్లాసు ఆట అక్కడ ఆడితే చిక్కుల్లో పడే అవకాశం ఎక్కువ.

అంతా అక్కడిలా చేయాలని కాదు. నాలుగేళ్ల అనుభవం కాగితాల్లో చూపించమంటే గొల్లపల్లిలో ఎవరు చూపించగలరు? పెద్ద బాండు పెడితే పెద్ద కంపెనీలే మిగులుతాయి, ఊరి మెకానిక్ వాళ్ల దగ్గర రోజుకూలీ అవుతాడు. లైసెన్సులను సమర్థించేవాళ్లు ఈ నష్టాన్ని చాలాసార్లు దాటేస్తారు.

పరీక్ష లేని సర్టిఫికెట్టు

కాగితం ఉంటే చాలనుకునేవాళ్లు కెనడాలోని వాకర్టన్ ఊరి కథ చదవాలి. ఒంటారియో రాష్ట్రంలో అయిదు వేల మంది కూడా లేని వ్యవసాయ ఊరది. 2000 మేలో భారీ వానలకు పొలంలోని పశువుల పేడలో ఉన్న ఈ-కోలై క్రిములు ఊరి బావుల్లో ఒకదాంట్లోకి దిగాయి. ఏడుగురు చనిపోయారు, రెండు వేల మందికి పైగా జబ్బుపడ్డారు. నీటి సరఫరా చూసే అన్నదమ్ములిద్దరికీ ప్రభుత్వ సర్టిఫికెట్లున్నాయి. అయితే ఆ సర్టిఫికెట్లు పరీక్ష రాసి తెచ్చుకున్నవి కావు. ఏళ్లుగా ఆ పనిలో ఉన్నారు కదా అని లైసెన్సు విధానం వచ్చినప్పుడు పాతవాళ్లకు ఊరికే ఇచ్చేసినవి. వాళ్లు రోజూ క్లోరిన్ కొలవకుండానే రిజిస్టరులో అంకెలు రాసేవారని జస్టిస్ డెన్నిస్ ఓకానర్ విచారణలో తేలింది. ఆ నివేదిక వచ్చిన 2002లోనే ఒంటారియో తాగునీటి భద్రతా చట్టం చేసింది. శిక్షణ, పరీక్ష, వాటి పునరుద్ధరణ గట్టిగా అమలుకొచ్చాయి.

మన దగ్గర లైసెన్సు వస్తే మొదట జరిగేది ఇదేనని నా అనుమానం. ఇప్పటికే పనిచేస్తున్న వాళ్లందరికీ ఒక ఫోటో, ఒక ఆధార్ నకలు, ఒక చలానా మీద కార్డులు పంచేస్తారు. మధ్యలో ఒక ఏజెంటు వెలుస్తాడు. ఆ తర్వాత ఏడాదికోసారి రెన్యువల్, దానికో రేటు. అలాంటి కార్డు కంటే కార్డు లేకపోవడమే నయం. పాత మెకానిక్‌లకు పదో తరగతి మెమో అడగకుండా పరీక్షకు రానివ్వాలి. పరీక్ష మాత్రం ఎవరికీ మాఫీ చేయకూడదు.

ఆ పరీక్ష ఏం అడగాలన్నదే అసలు సంగతి. మెంబ్రేన్ రసాయనశాస్త్రం అక్కర్లేదు. ఒక నీటి రిపోర్టు చేతికిచ్చి, దీనికి ఆర్‌ఓ కావాలా, యూవీ చాలా, క్లోరిన్ చుక్క చాలా అని అడగాలి. ఫ్లోరైడ్ 2.5 ఉన్న రిపోర్టు చూసి ఆ ఇంట్లో వాల్వు ఎంత తిప్పుతావో లెక్క కట్టమనాలి. క్లోరిన్ ఉన్న నీళ్లు, లేని నీళ్లు రెండూ పెట్టి కొలవమనాలి. ఇసుక సిలిండర్‌ను బ్యాక్‌వాష్ చేసి చూపించమనాలి. హైప్రెషర్ మోటారుకు ఎర్తింగ్ సరిగా ఉందో లేదో పట్టుకోమనాలి. తడి నేల మీద నిలబడి చేసే పనిలో కరెంటు షాకు ముప్పు ముందుగా మెకానిక్‌కే. అంతా తెలుగులో, ఐటీఐ వర్క్‌షాపులో, ఒక పూటలో అయిపోయే పరీక్ష ఇది. ఐటీఐల్లో ప్లంబర్ ట్రేడ్ ఏడాది కోర్సుగా ఉంది. జల్ జీవన్ మిషన్ కింద నల్ జల్ మిత్ర పేరుతో పల్లె యువతకు పైపుల, మోటార్ల పనులు కలిపి నేర్పే కార్యక్రమమూ ఉంది. నీటి రిపోర్టు చదివే పాఠాన్ని వీటికి తగిలించడానికి కొత్త కాలేజీలేమీ కట్టక్కర్లేదు.

లైసెన్సు రాకముందే బాగా నడిచిన ప్లాంట్లు మన దగ్గర లేకపోలేదు. వరంగల్ కేంద్రంగా పనిచేసే బాల వికాస సంస్థ ఊరివాళ్ల చేత కొంత పెట్టుబడి పెట్టించి, ఊరి కమిటీకే ప్లాంటు అప్పజెప్పే పద్ధతి నడిపింది. కార్డు పెడితే అర్ధరాత్రయినా నీళ్లొచ్చే ఏర్పాట్లూ చేసింది. సేఫ్ వాటర్ నెట్‌వర్క్ సంస్థ ఐజల్ పేరుతో పెట్టిన కేంద్రాల్లో కొన్నిటిని మహిళా సంఘాలు చూసుకుంటున్నాయి. ఇలాంటిచోట్ల ప్లాంటు ఎవరిదో, చెడిపోతే ఎవరిని అడగాలో ఊరికి తెలుస్తుంది. ప్రైవేటు షట్టరు దగ్గర గోడ మీద ఓనరు ఫోన్ నంబరు ఉంటుంది, బిగించినవాడి ఊసు ఎక్కడా ఉండదు.

రాష్ట్ర స్థాయిలో చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేని పనులు కొన్నున్నాయి. ప్లాంటుకు వ్యాపార అనుమతి ఇచ్చేటప్పుడు గ్రామ పంచాయతీ రెండు కాగితాలు అడగవచ్చు. ఒకటి బోరు నీళ్ల ల్యాబు రిపోర్టు, రెండోది ప్లాంటు బయటికి వచ్చే నీళ్ల రిపోర్టు. బిగించినవాడి పేరు, తేదీ, ఆ రోజున లోపలి నీళ్ల, బయటి నీళ్ల ఫ్లోరైడ్, టీడీఎస్, నైట్రేట్ అంకెలు ఒక రేకు మీద రాసి మిషనుకు తగిలించమనవచ్చు. పారబోసే నీళ్లు ఎటు పోతున్నాయో చూపించమనవచ్చు. ఇంట్లో పెట్టించుకునేవాళ్లు కూడా బిల్లు మీద ఇవే రాయించుకోవచ్చు. ఇప్పుడిచ్చే బిల్లులో మిషను రంగు, లీటర్ల లెక్క, వారంటీ తప్ప నీళ్ల గురించి ఒక్క ముక్క ఉండదు.

జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాల ప్రకారం ఊరికి అయిదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్టు వాడకం నేర్పాలి. ఫ్లోరైడ్, నైట్రేట్, గట్టిదనం, మిగిలిన క్లోరిన్, ఇవన్నీ రంగు చూసి చెప్పే చుక్కల మందులు ఆ కిట్టులో ఉంటాయి. క్రిముల కోసం చిన్న సీసా వేరే ఉంటుంది. అందులో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు పక్కన పెడితే, నీళ్లు చెడ్డవైతే నల్లగా మారుతుంది. ఎర్ర గ్లాసు లాంటి గారడీ ఇందులో లేదు. ఆ కిట్టుతో ఊళ్లోని ప్రతి ప్లాంటు దగ్గర బోరు నీళ్లను, క్యాను నీళ్లను వానలకు ముందొకసారి, వెనకొకసారి పరీక్షించి, వచ్చిన అంకెలను ధర రాసిన బోర్డు మీదనే, ధర పక్కనే రాయిస్తే సరి.